లాయరమ్మ గెలిచిన కేసు

అతను లిఫ్టు మెకానిక్. ఇరవై ఏడేళ్ళుగా అదే పని. "లిఫ్టు నడిచినన్నాళ్ళూ నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఆగిన రోజున మాత్రం నా పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వి తీస్తారు" అంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. మేడ పైన మోటారు గదిలో కాసేపు కళ్ళు మూసుకుని నిలబడితే చాలు, చప్పుడును బట్టి ఏ భాగం అరిగిందో చెప్పేస్తాడు. కిందికొచ్చి ఆ మాట నలుగురికీ వివరించమంటే మాత్రం చెమటలు పడతాయి. అలాంటివాడు ఒక్క విషయంలో గంటలు గంటలు మాట్లాడతాడు. అది వాళ్ళమ్మాయి సంగతి.

ఒక్కతే కూతురు. తల్లి బస్ స్టేషన్లో విచారణ కౌంటర్లో పని చేసేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరందరి ప్రశ్నలకీ జవాబు చెప్పి ఇంటికొస్తే, గుమ్మంలోనే కూతురి ప్రశ్నలు మొదలయ్యేవి. "అక్కడ కనీసం క్యూలో వస్తారే" అని ఆవిడ తల పట్టుకునేది.

పిల్లకి ఐదేళ్ళప్పుడు ఇంట్లో అమ్మమ్మ ఒక రూలు పెట్టింది. గాజు సామాను పగలగొట్టినవాళ్ళకి ఆ రోజు టీవీ లేదు. వారం తిరక్కుండానే టీ కప్పు అమ్మమ్మ చేతిలోంచే జారింది. ఆ సాయంత్రం ఆవిడ సీరియల్ మంచి పట్టులో ఉండగా మనవరాలు వెళ్ళి టీవీ కట్టేసి, దానికి అడ్డంగా నిలబడింది.

"రూలు రూలే అమ్మమ్మా. నీకోటి నాకోటి ఉండదు."

"ఇది పిల్లా, లాయరా?" అంది అమ్మమ్మ. అప్పటినుంచి ఇంట్లో, వీధిలో, బళ్ళో అందరికీ లాయరమ్మే.

పదకొండో ఏట మెట్లు దిగుతూ కుంటడం మొదలుపెట్టింది. మోకాలి పైన నొప్పంది. "ఎదిగే వయసు, ఎముకలు సాగుతుంటాయి" అన్నాడు తండ్రి. రోజూ పడుకునేముందు మందు రాసి కాలు పట్టేవాడు. అలా రెండు నెలలు గడిచాయి. ఈ ముక్క చెప్పేటప్పుడు అతను ఇప్పటికీ కాస్త ఆగుతాడు. మూడో నెలలో అక్కడ వాపు కనిపించింది. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక కింది కొసలో గడ్డ. ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరని తేలింది.

డాక్టరు తల్లిదండ్రులిద్దరినీ బయటికి పిలిచి చెబుతున్నాడు. లోపల్నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"నా కాలి సంగతి నేను లేకుండా మాట్లాడుకోవడం ఏం న్యాయం, డాక్టరుగారూ?"

డాక్టరు లోపలికెళ్ళి, కుర్చీ లాక్కుని ఆమె మంచం పక్కన కూర్చుని, చెప్పిందంతా మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. ఆ అమ్మాయి ఏడ్చింది. ఏడుస్తూనే అడగాల్సినవన్నీ అడిగింది. జుట్టు ఊడుతుందా, మళ్ళీ వస్తుందా, కాలు ఉంటుందా, చచ్చిపోతానా. ఆఖరిదానికి డాక్టరు "తెలీదమ్మా. అలా కాకుండా చూడటానికే ఈ పనంతా" అన్నాడు. "తెలీదన్నారు కాబట్టి మిగతావి నమ్ముతాను" అంది.

పిల్లల వార్డు నాలుగో అంతస్తులో. స్కానింగులు రెండో అంతస్తులో, ఎక్స్‌రేలు కింద. రోజుకి రెండు మూడుసార్లు చక్రాల కుర్చీలో దిగాలి, ఎక్కాలి. మొదటిరోజు తండ్రే తోసుకెళ్ళాడు. అలవాటు కొద్దీ తల పైకెత్తి మోటారు చప్పుడు విన్నాడు.

"మోటారు బాగుంది" అన్నాడు, కూతురి ధ్యాస మళ్ళిద్దామని.

తలుపు తెరుచుకుంది. కుర్చీ ముందు చక్రాలు లిఫ్టు గడపకి తగిలి ధడ్‌మన్నాయి. పిల్ల పెదవి కొరుక్కుంది. కాస్త తేరుకున్నాక, "మోటారు బాగుంది గానీ గడప బాలేదు నాన్నా. అదెందుకు తగులుతోంది?" అంది.

"లిఫ్టు కచ్చితంగా నేలకి సమంగా ఆగదమ్మలూ. కాస్త పైనో కిందో ఆగుతుంది. పది మిల్లీమీటర్ల దాకా పరవాలేదు."

"ఎవరికి పరవాలేదు?"

అతను వంగి గడప వైపు చూశాడు.

"నువ్వు చూసే లిఫ్టులూ ఇంతేనా?"

"ఇంతే."

"నువ్వెప్పుడైనా కూర్చుని ఎక్కావా?"

ఎక్కలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని వేలసార్లు లిఫ్టులు ఎక్కి దిగాడో లెక్కలేదు. ఒక్కసారీ కూర్చుని ఎక్కలేదు. మర్నాడు మధ్యాహ్నం పిల్ల నిద్రపోతున్నప్పుడు ఖాళీ కుర్చీ ఒకటి తెచ్చుకుని, భార్యని తోయమని, కిందికీ పైకీ రెండుసార్లు తిరిగాడు. రెండో అంతస్తులో పళ్ళు టక్కుమని కొట్టుకున్నాయి. బాగున్న కాళ్ళవాడికే ఇలా ఉంటే, అనుకున్నాడు. వార్డుకి తిరిగొచ్చి కూతురు లేచేదాకా కూర్చుని, "నువ్వన్నది నిజం" అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. లాయరమ్మ ఆ రోజు ఇంట గెలిచింది.

రచ్చ గెలవడానికి పదకొండు రోజులు పట్టింది. ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసింది. ఏ అంతస్తు, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, దెబ్బ ఎంత. దెబ్బకి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు. కీమో మందు ఎక్కించని రోజుల్లో, వాంతులు తగ్గిన పూటల్లో, వార్డంతా తిరిగి పిల్లల్ని అడిగి రాసుకునేది. అంకెలు రానివాళ్ళని రెండు చేతులూ చాపి ఎంత నొప్పో చూపించమనేది. అన్నం బండి తోసే ఆవిడ సాక్ష్యం కూడా తీసుకుంది: "ప్రతి ట్రిప్పులోనూ రెండో అంతస్తు దగ్గర పాలు ఒలుకుతాయి."

తండ్రి పని సంచిలోంచి స్టీలు స్కేలు తెచ్చిచ్చాడు. గడప దగ్గర ఎలా కొలవాలో నేర్పాడు. రెండో అంతస్తులో పద్నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. తలుపు ఐదు సెకన్లకే మూసుకుంటోంది. కుర్చీ లోపలికెళ్ళడానికి తొమ్మిది కావాలి.

"ఇది వేరే కంపెనీ లిఫ్టు. నేను చెయ్యి పెట్టకూడదు" అన్నాడు తండ్రి.

"చెయ్యి పెట్టొద్దు. సాక్షిగా రా చాలు."

ఆసుపత్రి సూపరింటెండెంటు పెద్ద డాక్టరమ్మ. బల్ల మీద ఫోను ఒకటి ఆగితే ఇంకోటి మోగుతుంది. గుండు మీద ఊలు టోపీ, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని వచ్చిన పిల్లని చూసి ముందు నవ్వింది. విషయం విన్నాక ఫైలు తెప్పించింది.

"పోయిన నెలే పరీక్ష చేశారమ్మా. అంతా బాగుందని సంతకం కూడా ఉంది."

"పరీక్ష చేసినాయన నిలబడి చేశాడు మేడమ్" అంది లాయరమ్మ.

డాక్టరమ్మ ఫైలు మూసి పక్కన పెట్టింది. నోటుపుస్తకం అందుకుంది. పాలు ఒలికిన గడి చదివి మళ్ళీ నవ్వింది. ఆ కింద ఒక ఆరేళ్ళ పిల్లాడి మాట ఉంది: 'రెండో అంతస్తు వచ్చేముందు కళ్ళు మూసుకుని ఊపిరి బిగబడతాను.' అది చదివాక నవ్వలేదు. ఫోను తీసి, అవతలివాళ్ళు ఏమంటున్నారో వినకుండా, "ఈ వారంలో రావాలి" అని పెట్టేసింది.

మూడోరోజున ఆ కంపెనీ మెకానిక్ వచ్చాడు. మొహం ముడుచుకుని వచ్చాడు. తన పనిని ఎవరో వేలెత్తి చూపితే ఎలా ఉంటుందో తండ్రికి తెలుసు. దగ్గరికెళ్ళి, "ఇది నీ మీద ఫిర్యాదు కాదు తమ్ముడూ. నా లిఫ్టులూ ఇలాగే ఉన్నాయి. మనిద్దరికీ తెలీలేదు, అంతే" అన్నాడు. అతను మెత్తబడ్డాడు. మధ్యాహ్నం దాకా పని చేశాడు. ఒక్కో అంతస్తూ సరిచెయ్యడం, లాయరమ్మ కుర్చీలో ఎక్కి దిగి స్కేలు పెట్టి చూడటం. రెండో అంతస్తుని రెండుసార్లు తిప్పికొట్టింది. మూడోసారికి మూడు మిల్లీమీటర్లు వచ్చింది.

"ఇంతకంటే తగ్గదమ్మా. బరువుకి లిఫ్టు ఇనప తాళ్ళు కాస్త సాగుతాయి" అన్నాడు మెకానిక్.

ఆమె తండ్రి వైపు చూసింది. తండ్రి తలూపాడు. "సరే, తాళ్ళ మాట న్యాయమే" అంది.

తలుపు పన్నెండు సెకన్లు ఆగేలా పెట్టాక, మెకానిక్ పని కాగితం పట్టుకుని సంతకానికి డాక్టరమ్మ దగ్గరికెళ్ళాడు. "నన్నడిగితే ఏం తెలుస్తుంది? ఆ పిల్ల చేత పెట్టించు" అందావిడ. లాయరమ్మ ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం పెట్టింది. పక్కన 'హోదా' అని ఒక గడి ఉంది. కలం నోట్లో పెట్టుకుని ఆలోచించి, 'వాడుకునే మనిషి' అని రాసింది.

ఆ కాగితం నకలు తండ్రి అడిగి తెచ్చుకున్నాడు. "నాకు కంపెనీవాళ్ళు రెండుసార్లు ఉత్తమ మెకానిక్ అని సర్టిఫికెట్ ఇచ్చారు. అవి ఏ బీరువాలో ఉన్నాయో నాకు తెలీదు" అంటాడు.

ఆపరేషన్‌లో చెడిన ఎముక తీసి, లోహపు కడ్డీ వేశారు. ఏడు నెలలు బాగుంది. కర్ర ఊతంతో బడికెళ్ళింది, మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ ఎందుకు లేదని హెడ్మాస్టరుతో వాదించి వేయించుకుంది కూడా. తర్వాత జబ్బు ఊపిరితిత్తులకి పాకింది. ఈసారి డాక్టరు పిలవకముందే కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. పదమూడేళ్ళ రెండు నెలలకి, ఒక ఉదయం, ఇంట్లో, తన మంచం మీద, తల్లి ఒకవైపు తండ్రి ఒకవైపు కూర్చుని ఉండగా పోయింది.

నెలన్నర అతను పనికి వెళ్ళలేదు. భార్య ముందు తేరుకుని కౌంటరుకి వెళ్ళింది. "ఎదుటివాళ్ళు బస్సు సంగతి అడుగుతుంటే ఆ కాసేపైనా బస్సు సంగతే ఆలోచిస్తున్నాను. మీరూ వెళ్ళండి" అంది. వెళ్ళాడు. మొదటి పని ఒక ఐదంతస్తుల ఆఫీసులో. గడప దగ్గర స్కేలు పెడితే తొమ్మిది వచ్చింది. ఇదివరకైతే పని సంచి సర్దేసి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయేవాడు. లిఫ్టులో నేల మీద చతికిలబడి కాసేపు ఏడ్చాడు. లేచి, మూడుకి తెచ్చేదాకా కదల్లేదు.

"మామూలు చెకింగుకి మూడు గంటలా?" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ నోట్లో నాలుక లేని మనిషి, "అవును సార్, మూడు గంటలు పట్టింది. ఇకమీద కూడా పడుతుంది" అన్నాడు.

పాత చక్రాల కుర్చీ ఒకటి సంపాదించి వ్యానులో వేసుకున్నాడు. పని అయ్యాక అందులో కూర్చుని ప్రతి అంతస్తూ తిరిగి చూసుకునేవాడు. తోటివాళ్ళు 'కుర్చీ అన్న' అని పేరు పెట్టారు. కోపం రాలేదు సరికదా, సంతోషించాడు. ఏడాదిన్నరలో అతని కింద ఉన్న నూటపన్నెండు లిఫ్టులూ సమం అయ్యాయి. వృద్ధాశ్రమాల వాళ్ళు, ఆసుపత్రుల వాళ్ళు 'ఆయన్నే పంపండి' అని అడగడం మొదలుపెట్టాక సూపర్‌వైజరు గంటల మాట ఎత్తడం మానేశాడు.

పోయినేడు కంపెనీ అన్ని శాఖల మెకానిక్కులనీ ఒకచోట చేర్చి, అతన్ని మాట్లాడమంది. వారం రోజులు భార్య వంటింట్లో నిలబడి అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేసి తర్ఫీదు ఇచ్చింది. డెబ్భై మంది ముందు నిలబడి, మొదట తడబడ్డాడు. తర్వాత కొలతల్లోకి దిగాక దారిలో పడ్డాడు. చివర్లో ఒక తలపండిన మెకానిక్ లేచి, "ఇదంతా ఎవరి దగ్గర నేర్చుకున్నావన్నా?" అని అడిగాడు.

"మా అమ్మాయి దగ్గర. అప్పుడు దానికి పదకొండేళ్ళు."

కంపెనీ తనిఖీ కాగితంలో ఇప్పుడొక కొత్త వరస ఉంది: 'కూర్చుని పరీక్షించినారా?' దాన్ని వేలితో చూపించి, "కిందటేడు లేదిది" అంటాడు.

అతన్ని ఎరిగినవాళ్ళలో కొందరు కూతురి ఊసెత్తరు, ఎక్కడ బాధపెడతామోనని. వాళ్ళని చూస్తే అతనికి జాలి. "అడక్కపోతేనే బాధండీ. అడిగితే దాని పేరు నోరారా పలుకుతాను కదా" అంటాడు. మొన్నో ఆసుపత్రిలో పని ముగించుకుని మెట్ల మీద టీ తాగుతుంటే, పక్కనున్న పెద్దాయన మాటల్లో మాటగా "పిల్లలెంతమంది బాబూ?" అన్నాడు. కథ మొదలైంది. టీ చల్లారింది. జేబులో ఫోను రెండుసార్లు మోగింది. అవతల ఇంకో లిఫ్టు అతని కోసం ఎదురుచూస్తోంది. "వస్తున్నా, దార్లోనే ఉన్నా" అని ఓ అబద్ధమాడి, పెద్దాయన వైపు తిరిగాడు.

"ఇంకొక్కటి వినండి, వెళ్ళిపోతాను. దానికి ఈత నేర్పుతానని చెప్పి నేనే మునిగిన సంగతి."