మస్తాన్ గారు తీసెయ్యమన్న పేరు

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు గాలికి కారం పడుతుంది. మా కాలేజీ పక్క రోడ్డు మీద మిర్చి లారీలు బారులు తీరతాయి. కంప్యూటర్ ల్యాబులో కూర్చున్నవాళ్ళం తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ పనిచేస్తాం. ఈ ఉదయం కిటికీ తెరవగానే ఆ ఘాటు ముక్కుకు తగిలి మస్తాన్ గారు గుర్తొచ్చారు. ఆయన మా ల్యాబు ఇన్‌ఛార్జి, నేను ఆయన కింద అసిస్టెంటుగా చేరాను. సీజనులో ఆయన పొద్దస్తమానం కళ్ళు తుడుచుకునేవారు. అడిగితే "మిర్చి ఘాటమ్మా" అనేవారు. వానాకాలంలో కూడా తుడుచుకుంటున్నారేమిటని ఆలోచించే తెలివి నాకు లేకపోయింది.

ఆయనకు జీతం రాని ఉద్యోగం ఇంకొకటి ఉండేది. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఒక లినక్స్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీని చూసుకునేవారు. ప్యాకేజీ అంటే ఎవరి కంప్యూటర్‌లోకైనా ఒక్క నొక్కుతో దిగేలా సర్దిపెట్టిన మూట. ఏళ్ళ తరబడి దాని మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. ఇకపై మార్పులు ఎవరైనా పంపవచ్చనీ, పాతవాళ్ళు చూసి ఆమోదిస్తే చాలనీ ఆ లినక్స్‌ను నడిపేవాళ్ళు ప్రకటించిన రోజు ఆయనకు అన్నం సహించలేదు. "ఎవరుబడితే వాళ్ళు చెయ్యి పెడితే అది ప్యాకేజీయా, సంతా?" అని విసుక్కున్నారు. వారం తిరక్కుండానే నన్ను పిలిచి, "సుజాతమ్మా, ముందు నువ్వే మొదలుపెట్టు" అన్నారు. అంత మొండిమనిషి ఇంత తొందరగా ఎలా మెత్తబడ్డారో నాకు అర్థం కాలేదు.

మొదటి మార్పులోనే కొంప ముంచాను. ఎవరూ వాడటం లేదనుకుని ఒక పాతకాలం ఫాంటు తీసేశాను. ఆయన సరే అన్నారు. కొన్నాళ్ళకు అద్దంకి వైపు ఒక బడి నుంచి టీచరుగారు మా ల్యాబుకు ఫోన్ చేశారు. ఆవిడ ఏళ్ళుగా తయారుచేసుకున్న పాఠాలన్నీ ఆ ఫాంటులోనే ఉన్నాయట. ఇప్పుడు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తున్నాయట. "పరీక్షలు దగ్గరకొచ్చాయండీ, పిల్లలకేం చెప్పమంటారు?" అన్నారు.

చీవాట్లు పెడతారనుకున్నాను. ఆయన నన్ను బస్సెక్కించి ఆ బడికి తీసుకెళ్ళారు. ఫాంటు మళ్ళీ పెట్టాను. "సరిగ్గా వచ్చిందా సార్?" అని టీచరుగారు అడిగితే ఆయన తెరకు ముక్కు ఆనేలా వంగి, "నువ్వు చదువమ్మా" అన్నారు నాతో. చదివాను. తిరిగి వస్తూ బస్టాండులో, "నాకు చేతకాదు సార్, నన్ను వదిలెయ్యండి" అన్నాను.

"చేతకానిది నాకమ్మా. సుగరు కళ్ళకెక్కింది. అక్షరాలు అలుక్కుపోతన్నాయి. నువ్వు పంపింది చదవకుండానే సరే అనేశా. చెప్తే పరువు పోద్దని."

మర్నాడు ఆ సంగతే అందరికీ తెలిసేలా మెయిలు రాయించారు. "ఇదంతా రాయాలా సార్?" అంటే, "రాయి. లేకపోతే తప్పు నీదనుకుంటారు" అన్నారు. నాకోసం ఎవరూ అంతకుముందు అలా నిలబడలేదు.

అప్పటినుంచి ఎవరు ఏ మార్పు పంపినా నేను పైకి చదవాలి, ఆయన వినాలి. వరుస వరుసకూ ఆపేవారు. "ఎందుకు తీశారు? ఎవరన్నా వాడతన్నారేమో అడిగారా?" చీరాల నుంచి ఒకమ్మాయి, ఒంగోలు నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి చేరారు. సంత అని విసుక్కున్న మనిషి కొత్తవాళ్ళకు తనే ఫోన్ చేసి గంటలు గంటలు మాట్లాడేవారు.

చూపు పూర్తిగా పోయాక ఒకరోజు, "ప్యాకేజీ చూసుకునేవాళ్ళలో నా పేరు తీసెయ్యమ్మా" అన్నారు.

"ఉంటే నష్టమేంటి సార్?" నాకు కోపం వచ్చింది.

"ఇబ్బందిలో ఉన్నోళ్ళు ఆ పేరు చూసి నాకు రాస్తారు. నేను చూడలేను. వాళ్ళేమో ఎదురుచూస్తా కూర్చుంటారు. ఆ టీచరమ్మ పడ్డ అవస్థ చూశావుగా."

ఏడుస్తూనే ఆ వరుస చెరిపాను. అన్ని మార్పుల్లాగే దాన్నీ ఆయనకు పైకి చదివాను. మొత్తం విన్నాక "సరే" అన్నారు.

ఆయన పోయి రెండేళ్ళు. ఇప్పుడు ఆ ప్యాకేజీకి ఐదుగురం ఉన్నాం. ఎవరి మార్పు వచ్చినా నేను పైకే చదువుతాను, ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకుంటారు. చదవడం అయిపోయాక వెంటనే ఆమోదించను. ఎవరో ఎందుకని అడుగుతారేమోనని కాసేపు ఆగుతాను.