మాస్టారు వదిలిన ఖాళీ

"అమ్మా, డ్రైవ్ చేస్తున్నావా? ముందు పక్కకి ఆపు," అంది మా అమ్మాయి ఫోన్‌లో. ఆపాను. "శాక్సఫోన్ సార్ పోయారు. స్లీప్‌లోనే అట." మా ఊరు చాండ్లర్ ఎండలో, కూరగాయల సంచుల మధ్య కూర్చుని భోరున ఏడ్చాను.

మీలో ఎవరూ ఆయన పేరు విని ఉండరు. ఇంగ్లండు మనిషి. వయసులో ఉండగా లండన్ క్లబ్బుల్లో జాజ్ వాయించి, సొంత బాణీలు కట్టి, నలుగురు స్నేహితులతో బృందంగా అమెరికా వచ్చారు. ఊరూరా తిరిగారు, రికార్డులు విడుదల చేశారు. తర్వాత వినేవాళ్ళు తగ్గారు, రికార్డులు దొరక్కుండా పోయాయి. చివరికి మా వీధి మలుపులో, పళ్ళ డాక్టరు పక్క గదిలో పిల్లలకు పాఠాలు చెప్పుకున్నారు. మా అమ్మాయి అక్కడే నేర్చుకుంది. కాలేజీకి పోతూ అది గరాజ్‌లో పడేసిన శాక్సఫోన్‌ని, రిటైరయ్యాక నేను తీసి, ఆయన దగ్గరే పాఠాలకు చేరాను. "ఈ వయసులో ఇదేం పిచ్చే నీకు?" అన్నారు మా ఆయన.

మొదటి రోజే తప్పులో కాలేశాను. చిన్నప్పుడు చాప మీద కూర్చుని పాట నేర్చుకున్నదాన్ని. గురువు ఏది పాడితే అదే తిరిగి పాడాలి. మాస్టారు ఒక వరుస వాయించి ఆగారు. నేను పొల్లుపోకుండా అదే వాయించి, మెచ్చుకుంటారని చూశాను. ఆయన పగలబడి నవ్వారు. "అది నేను అనేశాను కదా. నువ్వేమంటావు?"

ఇంట్లో గానీ ఆఫీస్‌లో గానీ నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. చెప్పింది చేస్తే చాలన్నారు అందరూ. నెలలు గడిచినా నా వరస మారలేదు. ఆయన అంటారు, నేను అప్పజెప్తాను. "తప్పైనా సరే, నీదై ఉండాలి" అనేవారు, విసుక్కోకుండా.

ఒకసారి టీ కలుపుతూ అన్నారు: "నా బాణీలన్నిటిలో సగం ఖాళీయే. అవతలివాళ్ళు పూరిస్తారని వదిలాను. ఆ నలుగురూ పోయారు. ఇప్పుడు నావన్నీ సగం పాటలు. నేనుండగా ఒక్క జవాబు వినిపించు, చాలు."

ఆయనకు ఊపిరితిత్తులు చెడి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టాక చూడబోయాను. ఇక ఊదలేరు. కూనిరాగంగా ఒక వరుస తీసి, నీ వంతన్నట్టు కనుబొమలెత్తారు. నా గొంతులోంచి వచ్చింది ఆయన వరుసే. "వచ్చే వారం," అన్నారు నా చేయి తట్టి. ఆ వారం రాలేదు.

సంస్మరణ సభకు పట్టుమని పదిమంది లేరు. కిటికీ పక్కన స్టాండ్ మీద ఆయన శాక్సఫోన్. నన్ను వాయించమన్నారు. ఆ చివరి వరుస వాయించి, ఆయన ఆగినట్టే ఆగాను. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. "అమ్మా, గో ఆన్," అంది మా అమ్మాయి నెమ్మదిగా. ఊపిరి నిండా పీల్చుకుని ఊదాను. మళ్ళీ ఆయన వరుసే వచ్చింది.