వీపున్న కోటు

మా అమలాపురంలో పాత బట్టల కొట్లలో బట్టలు మార్చుకుని చూసుకునే గది ఉండదు. కొత్త బట్టల షోరూముల్లో ఉంటుంది. అద్దం, కర్టెను, చొక్కా తగిలించుకోవడానికి మేకు, బయట నిలబడి "ఇంకా ఎంతసేపు?" అని అడిగే భార్య, అన్నీ ఉంటాయి. పాత బట్టలు కొనుక్కునేవాడికి అంత సిగ్గు అవసరం లేదని వ్యాపారుల అభిప్రాయం కాబోలు.

అందుకని మావాళ్లు తమ పద్ధతులు తాము కనిపెట్టుకున్నారు. ప్యాంటు కొనాలంటే దాని నడుము భాగాన్ని మడిచి మెడ చుట్టూ తిప్పి చూస్తారు. రెండు కొసలూ కలిస్తే నడుముకి సరిపోతుందని లెక్క. చొక్కా అయితే వేసుకున్న చొక్కా మీదే తొడుక్కుంటారు. మూడు చొక్కాలు ఒకదానిమీద ఒకటి వేసుకుని, ఇంటినుంచి వేసుకొచ్చింది ఏదో మర్చిపోయి దిక్కులు చూసినవాళ్లు నాకు తెలుసు. ఇంటిదగ్గరున్న మనిషికి కొనాలంటే మాత్రం కొట్లో ఉన్నవాళ్లలో అదే సైజువాణ్ణి ఒకణ్ణి వెతుక్కుని నిలబెడతారు. "బాబూ, మా ఆయన అచ్చం నీలాగే ఉంటాడు. ఒక్కసారి ఇలా నిలబడవా?" అని అడిగితే కాదనడం మా వైపు మర్యాద కాదు.

నేను సగటు మనిషిని. పొడవు సగటు, లావు సగటు, చదువులో మార్కులు కూడా సగటే. అంచేత నాకు అలవాటైన కొట్టుకి ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరి మొగుడిగానో, బావమరిదిగానో కాసేపు నిలబడాల్సి వచ్చేది. మస్కట్‌లో ఉన్న ఒకాయన కోసం ఒకసారి చేతులు చాపి నిలబడితే, ఆయన భార్య చొక్కా సంగతి వదిలేసి నన్నలాగే చూస్తూ ఉండిపోయింది. కొట్టాయన దగ్గితేగానీ కదల్లేదు.

ఆ రోజు నేను వెళ్లింది నాకోసమే. గల్ఫ్‌లో హోటలు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది, కోటు వేసుకుని రమ్మన్నారు. మబ్బు పట్టిన మధ్యాహ్నం. కొట్లో నేనూ, కొట్టాయనా తప్ప ఎవరూ లేరు. కొట్టాయన మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది. దాంతో ఆయన ఏదైనా కొలవగా నేను చూడలేదు.

కోట్లన్నీ రేకుల షెడ్డు చివర ఇనుప కమ్మీకి వేలాడుతుంటాయి. ఎక్కడెక్కడి దేశాల నుంచో బేళ్లలో కట్టి వస్తాయి. చొక్కా వేలాడితే బట్టలా ఉంటుంది. కోటు వేలాడితే మనిషిలా ఉంటుంది. భుజాలుంటాయి కదా, తలొక్కటే తక్కువ. ఫ్యాను తిరుగుతుంటే అవన్నీ నెమ్మదిగా గుమ్మం వైపు తిరిగేవి, ఎవరో వస్తున్నట్టు. నేనొక నల్లకోటు తీసి తొడుక్కున్నాను. నాకోసమే కుట్టినట్టు పట్టింది. లోపలి జేబులో చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో అందులోంచి చెయ్యి తీసినంత వెచ్చగా. పైన రేకులు, కింద జూన్ నెల, వెచ్చగా ఉండక చల్లగా ఉంటుందా అని నాకు నేనే చెప్పుకున్నాను.

అప్పుడొచ్చారు ఇద్దరు ఆడవాళ్లు. ఒకావిడకి నలభై దాటి ఉంటాయి. తెల్లచీర, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. రెండో ఆవిడ బాగా ముసలావిడ, చేతిలో గుడ్డసంచీ.

"కోట్లున్నాయాండీ?" అంది చిన్నావిడ.

"ఆయ్, ఉన్నాయండీ. ఎవరికండీ?"

"మా నాన్నగారికండీ."

"వారిని కూడా తీసుకురావాల్సిందండీ. తొడిగి చూసేవాళ్లం."

"ఆయన రాడు," అంది ముసలావిడ. "రాత్రే ప్రభువు దగ్గరికెళ్లిపోయేడు."

కొట్టాయన మెడలో టేపు తీసి బల్లమీద పెట్టాడు. ఏదో ఒకటి తియ్యాలి కదా, తలకి టోపీ లేదు.

ముసలావిడ సంచీలోంచి ఒక తెల్లటి తాడు బయటికి లాగింది. దానికి మూడు ముడులున్నాయి. ఆవిడ నా వెనక్కి వచ్చి, నన్ను ఒక్క మాట కూడా అడక్కుండా, తాడు కొస నా ఎడమ భుజం మీద పెట్టి కుడి భుజం దాకా లాగింది. ముడి సరిగ్గా భుజం అంచుకి వచ్చింది. చెయ్యి కొలిచింది. ముడి మణికట్టు దగ్గరికి వచ్చింది. ఛాతీ చుట్టూ తిప్పింది.

"అచ్చం," అంది.

అంతకుముందు కూడా చాలామంది నన్నా మాట అన్నారు. వాళ్ల మనుషులందరూ ఊపిరి పీలుస్తున్నవాళ్లు.

చిన్నావిడ నన్ను చూసి, "ఏమనుకోకు తమ్ముడూ," అంది. "మా పెద్దమ్మగారు మా సంఘంలో పోయినవాళ్లకి స్నానం చేయించి బట్టలు కడతారు. ఆవిడకి మొహమాటం ఉండదు." తర్వాత ఆవిడ చెప్పింది విన్నాక నాకు కోటు విప్పి వెళ్లిపోవడానికి కాళ్లు రాలేదు.

వాళ్ల నాన్నగారు స్కూలు మేష్టారు. ఆయన్ని ఆయన తండ్రి కూలిపని చేసి చదివించాడు. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆయన స్టూడియోకి వెళ్లి కోటు వేసుకుని ఫొటో దిగారు. కోటు స్టూడియోవాళ్లది. ఎవరొచ్చినా సరిపోవాలని వాళ్లు దాన్ని వెనకాల నిలువునా కోసేసి ఉంచేవారు. ముందునుంచి తొడిగి, వెనక బట్టలారేసే క్లిప్పులు పెట్టి బిగించేవారు. ఆ ఫొటో నలభై ఏళ్లుగా వాళ్ల హాల్లో ఉంది. చూసినవాళ్లంతా దొరగారిలా ఉన్నారనేవారు. ఆయన మాత్రం, "వెనక్కొచ్చి చూడండి, బోడి వీపు," అని నవ్వేవారట.

"మావాళ్లలో పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు కోటు వేస్తారు," అంది ఆవిడ. "చేతులు బిగుసుకుపోతాయి కదా, అందుకని వీపు కోసేసి ముందునుంచి తొడుగుతారు. అందరికీ అంతే. మొన్న ఆస్పత్రిలో నాన్నగారు నా చెయ్యి పట్టుకుని, 'నాకు మాత్రం వీపున్న కోటు వెయ్యమ్మా' అన్నారు. వేస్తానని మాటిచ్చేను. సాయంత్రమే సమాధి కార్యక్రమం."

"కొయ్యకుండా తొడగడం అవ్వదే తల్లీ," అంది ముసలావిడ. "ఎంతమందికి తొడిగేను నేను."

"అవుద్దో అవ్వదో చూద్దాం పెద్దమ్మా. అదే సైజు మనిషున్నాడు కదా."

నలుగురం ఉన్నాం అక్కడ. ముగ్గురు నావైపు చూశారు.

"కోటు విప్పి పడుకో నాయనా," అంది ముసలావిడ.

"ఇక్కడాండీ?"

"ఎక్కడో ఒకచోట పడుకోవాలిగా."

విప్పని బేలు ఒకటి నేలమీద బల్లపరుపుగా ఉంది. దానిమీద వెల్లకిలా పడుకున్నాను. కళ్లు మూసుకోమంది. చేతులు పక్కకి పెట్టి కర్రలా బిగించమంది. "సాయం చెయ్యకు. నువ్వు సాయం చేస్తే అక్కడాయన చెయ్యడు," అంది. న్యాయమే అనిపించింది.

కళ్లు మూసుకున్నాక కొట్టు పెద్దదైపోయింది. ఫ్యాను చప్పుడు చాలా ఎత్తునుంచి వస్తోంది. నా కింద బేలులో వందలకొద్దీ చొక్కాలు, ఒక్కటీ నాకు తెలిసినవాళ్లది కాదు. ముసలావిడ వేళ్లు నా మణికట్టు పట్టుకున్నాయి. అవి తడిగా, చల్లగా ఉన్నాయి. నన్ను పక్కకి దొర్లించారు, మళ్లీ ఇటు దొర్లించారు. మనిషిని అలా దొర్లిస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. నేను విప్పిన నల్లకోటే తొడుగుతున్నారు, ఒక చెయ్యి ఎక్కింది. రెండో చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. నేను బిగపట్టుకునే ఉన్నాను.

"చెప్పేనా? కత్తెరుందా అబ్బాయ్?" అంది ముసలావిడ.

"ఆయ్, ఉందండీ," అన్నాడు కొట్టాయన. నా చెవి పక్కనే కత్తెర ఒకసారి తెరుచుకుని మూసుకుంది.

"వద్దండీ, వద్దు," అంది కూతురు.

సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఎవరో లోపలికి రెండడుగులు వేసి ఆగారు. కాసేపటికి ఒక మగగొంతు, చాలా మెల్లగా, చాలా మర్యాదగా అడిగింది.

"ఎప్పుడు పోయేరండీ?"

మర్యాదస్తుణ్ణి కదా, నేనే చెప్పాను.

"ఇంకా లేదండీ."

ఆయన వెళ్లిన వేగానికి ఒక చెప్పు కొట్టు గుమ్మంలోనే ఉండిపోయింది. కొట్టాయన నవ్వాపుకోలేకపోయాడు. ఏడుస్తున్న కూతురు కూడా ముక్కుతో నవ్వింది. ముసలావిడ మాత్రం నా గడ్డం పట్టుకుని నోరు మూసింది. "మాట్లాడకు. దవడ కదిలితే కాలరు కదులుద్ది."

రెండోసారి ఒక సైజు పెద్ద కోటు తెచ్చారు. ఈసారి ముసలావిడ పద్ధతి మార్చింది. నా చేతులు రెండూ పట్టుకుని తలమీదికి ఎత్తి, రెంటికీ ఒకేసారి కోటు చేతులు తొడిగి, చంటిపిల్లకి గౌను వేసినట్టు తలమీదుగా కిందికి లాగింది. భుజాలు కలుక్కుమన్నాయిగానీ కోటు ఎక్కింది. వీపు కింద బట్టంతా సాఫీగా దిగింది. గుండీలు పెట్టి, నా చేతులు తెచ్చి ఛాతీమీద ఒకదానిమీద ఒకటి ఉంచారు.

తర్వాత చేతులన్నీ నామీంచి తొలిగాయి. ఫ్యాను చప్పుడు వినపడలేదు. కరెంటు పోయిందనుకున్నాను. నా మొహానికి బాగా దగ్గరగా ఎవరో వంగినట్టు తెలిసింది.

"నాన్నగారూ," అంది కూతురు, నాకొక్కడికే వినపడేలా. "బిగువుగా ఉందా?"

నేను పలకలేదు. గౌరవం కొద్దీ కాదు. "లేదమ్మా" అన్న మాట అప్పటికే నా గొంతులోకి వచ్చేసింది. ఆ గొంతు నాది కాదు. నాకంటే ఇంకా బొంగురుగా, తీరిగ్గా ఉంది. పళ్లు బిగించి ఆపాను. మా వైపు ఎవరు ఎవర్నయినా అమ్మా అనే అంటారు, పైగా బేలు దుమ్ముకి గొంతు ఎవరికైనా బొంగురుపోతుంది. ఇప్పటికీ అదే కారణం చెబుతాను.

లేచి నిలబడితే ఆ కోటు నామీద జోలెలా వేలాడింది.

"వదులు," అంది ముసలావిడ. "ఫరవాలేదు. ఎక్కువైన బట్ట వీపు కిందికి మడిచేస్తే ముందునుంచి బిగువుగా కనపడుద్ది. పడుకున్నాయన్ని తిప్పి ఎవడు చూస్తాడు?"

"అదే కదా పెద్దమ్మా స్టూడియోవాళ్లు చేసింది. వదులైతే వదులు. మడవొద్దు."

కోటు కట్టించుకుని ఆటో ఎక్కబోతూ ముసలావిడ వెనక్కి తిరిగింది. "నువ్వూ రా నాయనా. పైకెత్తి పట్టుకోడానికి మగాడు కావాలి. ఎలా ఎక్కిందో నీ ఒంటికి తెలుసు." నేనూ ఆటో ఎక్కాను. నాకు పట్టిన మొదటి నల్లకోటు కొట్లోనే వదిలేశాను. అందులో సగం చచ్చాక దాన్ని వేసుకుని హోటలువాళ్ల ముందు నవ్వగలననే నమ్మకం పోయింది.

ఇల్లు అల్లవరం వెళ్లే దారిలో ఉంది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మెల్లగా పాడుతున్న ఆడవాళ్లు. హాల్లో ఫ్రీజరు పెట్టె రొద చేస్తోంది. గోడమీద ఆ ఫొటో. ముందు భయంగానే చూశాను. మొహం నాలా లేదు. బతికిపోయాననుకుని పెట్టెలోకి చూశాను. మొహం కిందంతా నేనే. అవే భుజాలు, అదే పొడవు, ఛాతీమీద చేతులు కొట్లో నావి పెట్టిన చోటే.

ఆడవాళ్లని బయటికి పంపారు. కూతురూ, ముసలావిడా మాత్రం ఉండిపోయారు. నేనూ, వాళ్ల బంధువులు ముగ్గురూ కలిసి ఆయన్ని ఎత్తాం. చాలా బరువున్నారు. చలి నా చొక్కాలోంచి లోపలికి వచ్చేసింది. ముసలావిడ గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి ఆయన భుజాలూ, మోచేతులూ రుద్దుతూ మాట్లాడుతోంది. "చెయ్యి ఇయ్యి తమ్ముడూ. ఇంకాస్త. నీ కూతురు మాటిచ్చింది కదా, నిలబెట్టాలా వద్దా?" చేతులు నెమ్మదిగా తలమీదికి లేచాయి. కోటు మోచేతుల దాకా ఎక్కి ఆగింది.

బంధువుల్లో ఒకాయన, "టైమవుతోందమ్మా, కోసేద్దాం," అన్నాడు. కూతురు తల అడ్డంగా ఊపింది.

"నా చేతులు ఇంకా వెనక్కి వెళ్లేయండీ," అన్నాను. "అప్పుడు భుజం కలుక్కుమంది. నొప్పెట్టింది కూడా."

ముసలావిడ నన్నొకసారి చూసి, ఆయన చేతులు ఇంకాస్త వెనక్కి తీసింది. నా భుజంలోనే మళ్లీ కలుక్కుమంది. కోటు దిగిపోయింది.

గుండీలు పెట్టాక అందరం చూశాం. వదులు లేదు. ఎక్కడా లేదు. భుజం కుట్టు భుజం మీద, చెయ్యి మణికట్టు మీద, ఆయన కోసమే కుట్టినట్టు.

"రాత్రి గడిస్తే ఒళ్లు కాస్త పొంగుద్దిలే," అంది ముసలావిడ, నావైపు చూడకుండా. ఆవిడ ఆయన్ని కొలిచి తాడుకి ముడులేసింది ఆ పొద్దున్నే, రాత్రి గడిచాకే.

కూతురు మోకాళ్లమీద కూర్చుని, తన చేతిని ఆయన వీపు కిందికి పోనిచ్చింది. నడుము దగ్గర మొదలుపెట్టి, బట్టని తడుముకుంటూ, మెల్లగా మెడ దాకా.

"ఉంది నాన్నగారూ," అంది. "మొత్తం ఉంది."

ఆవిడ చెయ్యి బయటికి రావడానికి ఆయన్ని మళ్లీ కాస్త ఎత్తాల్సి వచ్చింది. నేను భుజాల కింద చేతులు పెట్టి లేపాను. ఈసారి ఏమాత్రం బరువనిపించలేదు. నలుగురం ఎత్తుతున్నాం కదా అనుకుని పక్కకి చూశాను. మిగతా ముగ్గురూ అప్పటికే చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్లిపోయారు.