బట్ట చూసినట్టు

మా డిగ్రీ కాలేజీ ప్రొఫెసర్ సారుకు ఒక అలవాటుండేది. ఏ కాయితం ఇచ్చినా, సదివే ముందు రెండు వేళ్ల నడుమ పెట్టి బట్ట చూసినట్టు రుద్ది చూసెటోడు. సిరిసిల్లల బట్ట నేసే సాంచల, గదే మరమగ్గాల సప్పుడుల పెరిగిన మనిషి మరి.

పీజీ సీటుకు రికమెండేషన్ లెటర్ అడిగితే, "నువ్వే రాసుకరా బిడ్డా, సంతకం పెడత" అన్నడు. నన్ను నేనే పొగుడుకుంట ఇంగ్లీషుల రాసిన. మాది బట్టల వ్యాపారం చేసే కుటుంబమని గూడ రాసిన. నిజానికి మా నాయిన వేరేటోళ్ల సాంచలు కూలికి నడుపుతడు.

సారు కాయితం రుద్దిండు. సదువుకుంట గా లైను కాడ ఆగిండు.

"మీ నాయినకు దుకాణముందా?"

"లేదు సార్, కూలికి సాంచలు నడుపుతడు," అన్న.

"మా నాయిన గూడ సాంచలే నడిపిండు. ఉద్యోగంల చేరినంక నేను గూడ ఎవ్వలకు చెప్పలే," అన్నడు మెల్లగ. గా లైను పెన్నుతోని కొట్టేస్తడనుకున్న. కొట్టెయ్యలే, సంతకం పెట్టిండు.

ఇంటికొస్తే నాయిన అంగి మీది పోగులు దులుపుకుంట, "సారు ఏం రాసిండు బిడ్డా?" అని అడిగిండు.

"మంచిగ రాసిండు."

ఇంగ్లీషు సదవరాని నాయిన కాయితం అందుకొని, అచ్చం సారు లెక్కనే రెండు వేళ్ల నడుమ రుద్ది చూసిండు.

"మంచిగుంది," అన్నడు.