వనజక్క నొప్పిని మేం నమ్మలేదు

నిన్న పొద్దున బెంగళూరు ట్రైన్‌లో ఉండాను. బంగారపేట దాటినాక బావ ఫోన్ చేసినాడు.

"లతా, మీ అక్క పోయిందమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టేసినాడు.

ఈ ఫోన్ వస్తాదని రెండు నెలలుగా తెలుసు. తెలిసినా ఏడ్చేసినాను. పక్క సీట్లో ఎవరో ఆమె నీళ్ళ బాటిల్ ఇచ్చింది. తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి వచ్చేసినాను.

నిన్న సాయంత్రమే బేతమంగళ దగ్గర బావ వాళ్ళ తోటలో అన్నీ అయిపోయినాయి.

వనజక్క మా పెద్దమ్మ కూతురు. కోలార్ బంగారు గనుల కాలనీ కోరమండల్‌లో మా ఇండ్లు పక్కపక్కనే. పెద్దనాన్న మైన్స్ ఆఫీసులో క్లర్క్. అక్క మ్యాథ్స్ టీచర్. లెక్కలంటే భయపడే పిల్లల్ని వెతికి మరీ ముందు బెంచీలో కూర్చోబెట్టుకునేది.

అందరూ ఆమె గురించి మంచే చెప్తా ఉండారు. ఒక్క విషయం మాత్రం ఎవరూ ఎత్తడంలేదు. రాయొచ్చా అని బావని అడిగినాను.

"రాయి. ఆమె దాచలేదు కదా" అన్నాడు.

అక్కకి పదమూడేండ్లప్పటి నుంచి నెలనెలా తట్టుకోలేని నొప్పి. పెండ్లయితే తగ్గుతాదన్నారు. పెండ్లయింది. కాన్పయితే తగ్గుతాదన్నారు. కొడుకు పుట్టినాడు. తగ్గలేదు.

క్లాసులో టేబుల్ అంచుకి పొట్ట ఆనించి నిలబడి పాఠం చెప్పేది. పిల్లలు అది ఆమె స్టైల్ అనుకునేవాళ్ళు.

ముప్పై ఎనిమిదో ఏట గర్భసంచి తీసేసినారు. ఆపరేషన్ తర్వాత పది రోజులకని స్ట్రాంగ్ పెయిన్ టాబ్లెట్లు రాసిచ్చినారు.

ఆమె మూడేండ్లు మింగింది.

"మొదటిసారి వేసుకున్నప్పుడు, నొప్పి లేకుండా ఉండడమంటే ఇట్లుంటాదా అని ఏడ్చినాను లతా. తర్వాత నొప్పి పోయింది. మాత్ర పోలేదు. ఒక పూట మానేస్తే వొళ్ళంతా వణుకు, వాంతులు" అని ఒకసారి చెప్పింది.

ఒకరోజు బోర్డు ముందరే కూలబడింది. బ్యాగులో స్ట్రిప్పులు దొరికినాయి. ఉద్యోగం పోయింది.

మా ఇండ్ల లైన్లో తాగి పడిపోయిన మగోళ్ళని నలుగురూ ఎత్తుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టేవాళ్ళు. పాపం, అలవాటు అనేవాళ్ళు.

అక్కని మాత్రం "ఆడదానికి ఇదేం రోగం" అన్నారు. మా అమ్మ కూడా అనింది.

అక్క తనే కోలార్‌లో డీ-అడిక్షన్ డాక్టర్ని కనుక్కుంది. నన్ను తోడు రమ్మనింది.

వెయిటింగ్ హాల్లో అంతా మగోళ్ళు, వాళ్ళని పిల్చుకొచ్చిన పెండ్లాలు, అమ్మలు. కౌంటర్లో ఉండే ఆయన చీటీ తీసి, "పేషెంట్ యాడమ్మా? మీ ఆయన రాలేదా?" అని అడిగినాడు.

"నేనే పేషెంట్. వనజ. వయసు నలభై ఒకటి. రాసుకోండి" అనింది అక్క. క్లాసులో లెక్క చెప్పే గొంతుతోనే.

హాలంతా తిరిగి చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె దించుకోలేదు.

వచ్చేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "మీరు కాపలా కాయొద్దు. తోడుండండి, చాలు" అనింది.

మధ్యలో ఒక్కసారి జారి మళ్ళీ మాత్ర వేసుకుంది. మర్నాడు పొద్దున్నే తనే నాకు ఫోన్ చేసి చెప్పి, తనే కోలార్ బస్సెక్కింది. ఆ తర్వాత నాలుగేండ్లు ఒక్క మాత్ర ముట్టలేదు. ఇంట్లో ట్యూషన్లు మొదలుపెట్టింది.

పోయినేడు ఉగాది తర్వాత ఫోన్ చేసింది.

"లతా, కడుపు ఉబ్బరంగా ఉండాది. కింద ఒకటే నొప్పి. రెండు నెలలైంది."

నేనేమన్నానో రాయాల. రాయకపోతే ఈ పోస్ట్ అబద్ధం.

"మళ్ళీ మొదలుపెట్టినావా అక్కా?" అన్నాను.

"లేదులే" అని పెట్టేసింది.

అంతకు ముందే ఒక క్లినిక్‌కి పోయిందంట. పాత ఫైల్ చూసి, మాత్రల కోసమే వచ్చిందనుకుని గ్యాస్‌కి మందిచ్చి పంపించినారంట. బావ కూడా నమ్మలేదు. ఇంగ ఎవరికీ చెప్పలేదు.

ఐదు నెలలు.

స్కాన్ తీసేటప్పటికి అండాశయంలో క్యాన్సర్. కడుపంతా పాకిపోయింది.

చివర్లో నొప్పికి స్ట్రాంగ్ మందు రాస్తామంటే అక్క ఒప్పుకోలేదు. "నాకు పాత అలవాటు ఉండాది డాక్టర్" అనింది. ఆయన మంచం పక్కన కుర్చీ లాక్కుని చాలాసేపు చెప్పి ఒప్పించినారు.

నేను లీవ్ పెట్టి పద్దెనిమిది రోజులు ఆమె దగ్గరే ఉండాను. నిన్ననే మళ్ళీ డ్యూటీకి బయల్దేరినాను.

అక్క స్ట్రిప్పులు నా చేతిలో పెట్టి, "టైమ్‌కి నువ్వే ఇయ్యి. నేనడిగినా ముందు ఇయ్యొద్దు" అనింది.

ఒక్కసారి కూడా అడగలేదు. పండ్లు బిగబట్టి గడియారం చూస్తా ఉండేది.

ఒక మధ్యాహ్నం నేనే ఓర్చుకోలేక పావుగంట ముందు మాత్ర తీసినాను. "టైమ్ కాలేదు కదా" అనింది. చెయ్యి చాపలేదు.

పావుగంట సేపు మాత్ర నా చేతిలోనే ఉండాది.

అప్పుడే చెప్పినాను. "అక్కా, ఆ రోజు నిన్ను నమ్మలేదు. తప్పైంది."

"నువ్వొక్కదానివేనా? నేనే నమ్మలేదు లతా. నిజంగా నొప్పేనా, లేకపోతే మాత్ర కోసం మనసు నాటకమాడతా ఉండాదా అని నన్ను నేనే అనుమానించుకున్నాను. అందుకే ఇంకెవరినీ అడగలేదు" అనింది.

ఆ మాట మోసుకుని తిరుగుతా ఉండాను.

మీ ఇంట్లో ఆడమనిషి నొప్పి అంటే ముందు డాక్టర్ దగ్గరికి పిల్చుకుపోండి. పాత కథలన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు.

నొప్పి లేని నిద్ర పో వనజక్కా.

నీకు శాంతి దొరకాల. నాకు మాత్రం ఇప్పట్లో వద్దు.