వచ్చినందుకింత, గెలిచినందుకింత

ఇనుప జాలీ బోనులో ఇద్దరు మగవాళ్లు ఒకరినొకరు చితకబాదుకునే ఆటకు మా వాడకట్టులో ఎనిమిది మంది ఆడవాళ్లు అభిమానులుగా ఉండేవారని చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. ఎనిమిది మందీ బీడీలు చుట్టేవాళ్లే. ఒళ్లో చేట, చేటలో తునికాకు, పక్కన తంబాకు, చేతిలో కత్తెర, అందరి నడుమ నీళ్ల చెంబుకు ఆనించి నిలబెట్టిన నా ఫోను. ఆ ఫోను చుట్టూ వాళ్లు చేసిన గోల నేను ఏ స్టేడియంలోనూ వినలేదు. అసలు నేను ఏ స్టేడియానికీ పోలేదనుకోండి.

మాది కోరుట్లకూ మేడిపల్లికీ నడుమ ఉన్న ఊరు. తాటిచెట్లు ఎక్కి కల్లు గీయడం మా ఇంటి పని. నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు చెట్టు మీది నుంచి పడి చనిపోయిన నాటి నుంచి అవ్వ ఒకటే పట్టు పట్టింది, కొడుకు చెట్టెక్కకూడదని. బాపు బతికి ఉన్నప్పుడు కూడా ఆయన పైకి పోతుంటే ఆమె ఏనాడూ తలెత్తి చూడలేదు. తాటివనానికి సద్ది పట్టుకుపోతే చెట్టు మొదట్లో కూర్చుని తల వంచుకుని ఆకు కత్తిరించేది. "అయిపోయిందా బిడ్డా?" అని నన్నడిగేది. ఆయన కాళ్లు నేలకు తగిలాయని నేను చెప్పాకే తలెత్తేది. ఆయన పడ్డ రోజు మేమిద్దరం అక్కడ లేము.

అప్పటికే అన్న నాలుగేళ్లుగా చెట్లు ఎక్కుతున్నాడు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే మోకును అవ్వ అటక మీద పడేసింది. అన్న సిరిసిల్లలో మేనమామ దగ్గరికి సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేయడానికి పోయాడు. ఏడాది తిరగకముందే గిరాకీ పడిపోయి సాంచాలు ఆగిపోయాయి. మామకే పని లేదు, అల్లుణ్ణేం పెట్టుకుంటాడు? ఇక మిగిలింది జగిత్యాలలో ఏజెంటు, పాస్‌పోర్టు, గల్ఫ్ విమానం. అవ్వ చెవి కమ్మలు అమ్మింది. "ఆడ చెట్లుండయి గద" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఖర్జూరం చెట్లుంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు.

వెళ్లిన ఏడాదికి ఒక శుక్రవారం పొద్దున అన్న ఫోన్ చేసి, పెద్ద పెద్ద ఆటలు పెట్టే కంపెనీలో చేరానన్నాడు. "సాయంత్రం నీ ఫోన్‌ల గా ఆట పెట్టు చెల్లె. నేను కనబడ్త" అన్నాడు. ఏం పని అని అడిగితే నవ్వాడు. ఆ కబురు వాడకట్టంతా పాకింది. పక్కింటి చిన్నమ్మ అయితే తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, చేట సంకన పెట్టుకుని వచ్చింది. అన్నకు ఆమె కనబడదని చెప్పినా వినలేదు.

ఆట మొదలైంది. ఇద్దరు చెడ్డీల మీద వచ్చారు. ఆడవాళ్లందరూ కొంగు మొహం మీదికి లాక్కున్నారు, కానీ కొంగు సందులోంచి చూడకుండా ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఒకడు ఇంకొకడి ముక్కు పగలగొట్టాడు. నేల మీద నెత్తురు. గంట మోగింది. జాలీ తలుపు తెరుచుకుని, నల్ల అంగీ వేసుకున్న ఒక మనిషి తువ్వాలతో లోపలికొచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఆ నెత్తురు తుడవసాగాడు. అది మా అన్న.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. డిగ్రీ చదువుతున్నాను కదా, సిగ్గు ఎక్కువ. ముందుగా చిన్నమ్మే నోరు తెరిచింది.

"ఏందే అక్కా, మనోడు నెత్తురు తుడుస్తున్నడు?"

"తుడిస్తేమాయె?" అంది అవ్వ. "నేల మీద కూసుండి తుడుస్తున్నడు. నేల మీదికెల్లి ఎవడన్న పడ్తడా?"

ఆ మాటతో అందరి మనసులూ కుదుటపడ్డాయి. అప్పటి నుంచి ఆట ఉన్న ప్రతి శుక్రవారం మా అరుగు నిండిపోయేది. లోకమంతా కొట్టుకునేది చూడడానికి కూర్చుంటుంది, మావాళ్లు గంట కోసం కూర్చునేవారు. గంట మోగగానే "అగో! అచ్చిండు!" అని ఏడుగురూ ఒక్క గొంతుతో అరిచేవారు. ఆ ఒక్క నిమిషం అయిపోయి అన్న బయటికి పోతే "ఇగ కొట్టుకొని సావుండ్రి" అని మళ్లీ ఆకు కత్తిరించుకునేవారు. అవ్వ మాత్రం అరిచేది కాదు. ఆట సాగినంతసేపూ తల వంచుకునే ఉండి, "అయిపోయిందా బిడ్డా?" అని అడిగి, గంట మోగాక ఆ నిమిషం మాత్రం చూసేది.

పోనుపోను మిగతావాళ్లకు ఆట కూడా పట్టుబడింది. ఎర్రగడ్డం ఉన్న ఒకడు ఆటకు ముందే ఎదుటివాణ్ణి నానా బూతులు తిట్టేవాడు. వాడొస్తే జనం ఊగిపోయేవారు. అందరికన్నా ఎక్కువ పైసలు వాడికేనని అన్న చెప్పాడు. "అంటే గానికి చేతులకు గాదు, నోటికిస్తున్నరు కూలి" అంది చిన్నమ్మ. "గట్లయితే నాకెంతియ్యాలె?" ఆ లెక్కన ఆమె కోటీశ్వరురాలని మేమంతా ఒప్పుకున్నాం. ఆమెకు నచ్చినవాడు వేరే. బక్కపలచటివాడు, ఎప్పుడూ ఓడిపోయేవాడు. లోపలికి రాగానే నేలకు మొక్కేవాడు. వాడు ఓడిన రోజు చిన్నమ్మ అన్నం తినేది కాదు.

ఓడితే వాడికేమిస్తారని ఒకసారి అవ్వ ఫోన్‌లో అన్ననడిగింది. చిన్న ఆటగాళ్ల కూలి గురించి అన్న విడమరిచి చెప్పాడు. బోనులోకి వచ్చినందుకు ఇంత, గెలిస్తే ఇంకింత. ఓడితే వచ్చినందుకు ఇచ్చేదే దక్కుతుంది. బీడీలు చుట్టేవాళ్లకు ఇది చెప్పగానే అర్థమైంది. కార్ఖానాలో మేమిచ్చిన కట్టలు విప్పి బాగాలేనివి ఏరి పడేస్తారు, వాటిని ఛాట్ అంటారు. చుట్టిన కష్టం మాదే, కూలి మాత్రం ఉండదు. "గీళ్లే నయం" అంది అవ్వ. "ఓడినోనికి గూడ అచ్చినందుకు ఇస్తున్నరు. మన ఛాటుకు ఎవడిస్తడు?"

ఆ రోజుల గురించి ఇంత ఇష్టంగా రాస్తున్నానంటే మేం సుఖంగా ఉన్నామని కాదు. నెలలో సగం దినాలు కార్ఖానా ఆకు ఇచ్చేది కాదు. ఎనిమిది ఇళ్లలో ఐదింటి మగవాళ్లు గల్ఫ్‌లోనే ఉండేవారు. కానీ ఆ ఐదుగురిలో వారం వారం కళ్లారా కనబడేది మా అన్న ఒక్కడే. మిగతా వాళ్లు అన్నలోనే తమవాళ్లను చూసుకునేవారేమో. తిరిగి ఆ అరుగు మీద ఒక్క శుక్రవారం కూర్చోవాలని నాకు ఎన్నిసార్లు అనిపించిందో.

మూడో ఏడు అన్న రెండు నెలలు కనబడలేదు. ఆటలు లేవన్నాడు. ఫోన్ చేసేవాడు, మొహం చూపేవాడు, "మంచిగున్న అవ్వా, రందివెట్టుకోకు" అనేవాడు. తర్వాత ఒక శుక్రవారం మళ్లీ వచ్చాడు. నీలం రంగు చేతితొడుగులు వేసుకుని నేల తుడిచి వెళ్లిపోయాడు. అందరూ ఎప్పటిలాగే అరిచారు. అవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"గాని ఎడ్మ చెయ్యి మంచిగ లేదు" అంది.

అందరూ కొట్టిపారేశారు. నేనూ విసుక్కున్నాను. ఫోన్‌లో అన్న బొటనవేలంత కనబడతాడు, అందులో చెయ్యి ఎంత? అవ్వ వినలేదు. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. కుడి చేయి కత్తిరిస్తుంటే ఎడమ చేయి ఆకును ఎట్లా పట్టుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "ఎడ్మ చెయ్యి తువ్వాలను వడ్తలేదే. ఊకె ఆనిచ్చిండు" అంది. వీడియోను వెనక్కి తిప్పి, ఆపి, పెద్దది చేసి చూశాను. తొడుగు చివరి రెండు వేళ్లు ఖాళీగా మడతపడి వేలాడుతున్నాయి.

మర్నాడు ఫోన్‌లో అన్న మొహం కనబడగానే అవ్వ "చెయ్యి సూపియ్యి" అంది. అన్న కుడి చేయి చూపాడు. "గిది గాదు." చాలాసేపటికి ఎడమ చేయి ఎత్తాడు. చిటికెన వేలూ దాని పక్క వేలూ మొదటి కణుపు దాకానే ఉన్నాయి. బోను బిగిస్తుంటే ఇనుప జాలీ జారి మీద పడిందట. రెండు నెలలు దాటింది. ఇన్నాళ్లూ కుడి చేత్తో ఫోన్ పట్టుకుని మాకు మొహం మాత్రమే చూపాడు.

అవ్వ ఏడ్చింది. బాపు పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. "చెట్టు మీదికెల్లి పడ్తవని తోలిన. నేనే తోలిన కొడుకా" అని చేట నెట్టేసి నేల మీద చేతులు కొట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "అచ్చెయ్" అంది.

"ఏం దెచ్చిన్నని రావాలె అవ్వా? అందరు నవ్వరా? ఓడి అచ్చిండంటరు."

"ఓడినోనికి గూడ అచ్చినందుకు ఇస్తరని నువ్వే జెప్తివి గదరా. నువ్వు రా. అచ్చినందుకు నేనిస్త."

రెండు నెలలకు జగిత్యాల బస్సు దిగి, చేతిలో ఒక్క సంచితో వాడకట్టులోకి వచ్చాడు. అరుగు మీద చేటలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు ముందు అనుకోకపోయినా, చూడగానే అలవాటుగా "అగో! అచ్చిండు!" అని అరిచేశారు. అన్న నడి బజారులో నిలబడి ఏడ్చాడు. అవ్వ నడుముకు దోపుకున్న గుడ్డసంచి విప్పి, మడిచిన యాభై రూపాయల నోట్లు రెండు తీసింది. ఒకటి అన్న ఎడమ చేతిలో పెట్టి, "గిది అచ్చినందుకు" అంది. రెండోదాన్ని తిరిగి సంచిలో పెట్టుకుంది.

"మరి గెలిచినందుకో?" అన్నాడు అన్న, ముక్కు తుడుచుకుంటూ.

"గెల్సినంక సూద్దాం."

ఆ మాట తేలికే, పని దొరకడం కష్టం. కొన్నాళ్లు ధర్మపురిలో ఒక హోటల్లో గిన్నెలు మోశాడు. జారవిడుస్తున్నాడని మాన్పించారు. మా పక్కన కూర్చుని బీడీలు చుట్టబోయాడు, అన్నీ ఛాటే. ఒక రోజు అన్నం తింటూ, "చెట్టు కాళ్లతోని, నడుముతోని ఎక్కుతరు అవ్వా. రెండు వేళ్లు లేకుంటేమాయె" అన్నాడు. అవ్వ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున లేచేసరికి మోకు అటక మీద లేదు. దుమ్ము దులిపి, ఒక్కో పురి వేళ్లతో తడిమి చూస్తూ అవ్వ గడప మీద కూర్చుని ఉంది.

ముగ్గురం తాటివనానికి పోయాం. అవ్వ చేట తెచ్చుకుంది. అన్న మోకు చుట్టుకుని చెట్టుకు మొక్కాడు. బోనులో నేలకు మొక్కే ఆ బక్కపలచటివాడు నాకు గుర్తొచ్చాడు. అవ్వ తల వంచుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

"అయిపోయిందా బిడ్డా?"

"ఇంక లేదవ్వా."

సగంలో అన్న ఎడమ చేయి ఒకసారి జారింది. ఆ సంగతి అవ్వకు చెప్పలేదు. ఇంకో రెండుసార్లు అడిగింది, ఇంకా లేదనే చెప్పాను. కొసకు అన్న కాళ్లు నేలకు తగిలాయి.

"అయిపోయిందవ్వా."

అవ్వ తలెత్తింది. ఒళ్లోని ఆకంతా దేనికీ పనికిరానంత సన్నగా తుంపులై ఉంది. లేచి, చీర దులుపుకుని, నడుము దగ్గరి సంచి విప్పి, ఆ రెండో నోటు తీసి అన్నకిచ్చింది.