ఎడమ పేజీకి బంగారు అంచు

నీటిపారుదల శాఖలో ట్రేసర్‌గా చేరి ట్రేసర్‌గానే రిటైరయ్యాను. ఇంజనీర్లు గీసిన కాలువల నక్షా మీద పలుచని కాగితం పరిచి, గీత మీద గీత గీయడం నా ఉద్యోగం. సొంతంగా ఒక్క వంపు కూడా వేయకూడదు. సాయంత్రం ఇంటికొచ్చి డైరీ రాసుకునేటప్పుడే ఆ చేతికి కొంచెం స్వేచ్ఛ.

రిటైరయ్యాక ఏం చేయాలో నాకు ముందే తెలుసు. సిద్దిపేటలో మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉండే ఒకావిడ దగ్గర తజ్‌హీబ్ నేర్చుకోవాలి. చేతిరాత ఖురాన్ పేజీల చుట్టూ బంగారంతో, నీలంతో పూలతీగల అంచులు వేసే పని అది. ఆవిడకు తండ్రి నేర్పాడు. ఆయన ఖురాన్‌ను మొదటి నుంచి చివరి దాకా తన చేత్తో రాసిన మనిషి.

నేను ఆవిడ దగ్గరికి వెళ్తున్నానని తెలిసిన రోజే మా తమ్ముడు వచ్చాడు. వాడికి సిమెంటు దుకాణం ఉంది, కౌన్సిలర్ కావాలన్న ఆశ కూడా ఉంది.

"నీకు వేరే పనే దొరకలేదా అక్కా? గుడికి పో, భజనకు పో. గాళ్లింట్ల కూసొని గా పూలెందుకేస్తున్నవ్?"

"గుడిల నాకు బంగారం నూరుడు ఎవరు నేర్పుతరు?"

"జనం నన్నడుగుతున్రు. ఏం జెప్పాలె?"

"మా అక్క నా మాట వినదని చెప్పు. అది అబద్ధం గూడ గాదు."

ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాశాను: రేపు పొద్దున మళ్లీ వెళ్లాలి.

ఆవిడ నాకంటే బాగా చిన్నది. గడప బయట నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. పని పీట ముందు కూర్చున్నాక మాత్రం ఆమె ఉస్తాద్, నా గురువు. ఈ షరతు నేనే పెట్టాను. నేర్చుకునేవాళ్లను పెద్దవాళ్లని గౌరవిస్తూ కూర్చుంటే నేర్పేవాళ్లు గట్టిగా చెప్పలేరు. నాకు గట్టిగా చెప్పేవాళ్లే కావాలి.

మొదట చాలా రోజులు కుంచె ముట్టుకోనివ్వలేదు. పింగాణీ సాసరులో తుమ్మజిగురు వేసి, బంగారు రేకును వేలితో నూరుతూ ఉండటమే పని. వేలికొస మొద్దుబారిపోయేది.

"ఇంకెంతసేపు ఉస్తాద్?"

"గరుకు తగుల్తున్నదా?"

"జర తగుల్తున్నది."

"అయితే అది ఇంకా రేకే. నీ వేలికి బంగారం ఉన్నట్టే తెల్వొద్దు. గప్పుడు నన్ను పిలువు."

తర్వాత సూది పని. ట్రేసింగు కాగితం మీద గీసుకున్న తీగ పొడవునా సన్నటి రంధ్రాలు పొడవాలి. దాన్ని అసలు కాగితం మీద పరిచి, పలుచని గుడ్డలో మూటకట్టిన బొగ్గుపొడితో మెల్లగా అద్దితే తీగంతా చుక్కలుగా దిగుతుంది. ఆ చుక్కల వెంబడి బంగారం పూసి, ఆరాక అకీక్ అనే నున్నటి రాయితో మెరిసేదాకా రుద్దాలి. రంగులు ఆ తర్వాత, నల్ల గీత అన్నిటికన్నా ఆఖరున. ఈ పనిలో నా చేయి వణకలేదు. ట్రేసర్ చేయి ఊరికే వణకదు.

ఒకరోజు ఆమె బీరువాలోంచి ఒక బట్ట మూట తీసింది. అందులో తండ్రి రాసిన ఖురాన్ విడి కాగితాలుగానే ఉంది. మొదటి రెండు పేజీలు ఎదురెదురుగా రావాలి. కుడి పేజీకి ఆయన అంచు వేశారు. ఎడమ పేజీ మొదలుపెట్టకముందే పోయారు. అది బోసిగా ఉండగా పుస్తకం కుట్టించడానికి ఈమెకు మనసొప్పలేదు. తానే వేద్దామంటే, ఏళ్ల తరబడి ఈ పనే చేసి చేసి, సన్నగీత ఇప్పుడు ఆమె కళ్లకు ఆనదు. అంచును విడి కాగితం మీద నేను వేయాలి. నడుమ కిటికీలా కోసి, రాత ఉన్న కాగితాన్ని ఆమె అందులో అమరుస్తుంది. తండ్రి పద్ధతీ అదే.

కుడి పేజీలో అక్షరాలకు నా చేయి తగలకుండా ఆమె తెల్లగుడ్డ కప్పింది. చుట్టూ ఉన్న అంచు మీద ట్రేసింగు కాగితం పరిచి ఆకు ఆకునూ దించుకున్నాను. మూడు వైపులా వెడల్పు అంచు, కుట్టు వచ్చే ఎడమవైపు సన్నం. ఆమె బంధువుల పెళ్లికి మద్దూరు వెళ్లింది. తిరిగొచ్చేలోపు బంగారం పూసి, రాయితో రుద్ది మెరిపించాను.

వచ్చీ రాగానే తండ్రి పేజీనీ నా అంచునూ పక్కపక్కన పెట్టింది.

"అక్కా, గిది మా అబ్బా వేసిన పేజీయే. మళ్ల వేసినవ్."

"అచ్చం వేసిన గద!"

"అచ్చమే వేసినవ్. గందుకే గిది గూడ కుడి పేజీయే అయింది. నాకు ఎడమది గావాలె."

అప్పుడు కనిపించింది. రెండు కాగితాల్లోనూ సన్నంచు ఎడమనే ఉంది. ఎదురెదురు పేజీలు ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మలా ఉండాలి, సన్నంచులు రెండూ మధ్య కుట్టు దగ్గర కలవాలి. పొడిచిన కాగితాన్ని తిరగేసి పరిస్తే చాలు, అంతే. కానీ మా ఆఫీసులో తిరగేసిన ట్రేసింగంటే నేరం. తూర్పు కాలువ పడమటికి పోతుంది. ఇన్నేళ్లూ ఏ కాగితం ముట్టుకున్నా ఏది పైముఖమో చూసి పరిచిన వేళ్లు ఇక్కడా అదే చేశాయి.

"అంచులకని అబ్బా తయారుచేసిన కాగితం ఇంకొక్కటే ఉన్నది," అంది ఆమె. "హైదరాబాద్‌ల ఎవరితోనన్న ఏపిస్త. నువ్వు పరేషాన్ గాకు."

"ఎవరితోనో ఎందుకు? నాకే ఇయ్యి."

"మళ్ల ఖరాబైతే?"

"ఖరాబైనంక తిట్టు. ఇప్పటిసంది కాగితం దాస్తవేంది?"

"ఉస్తాద్‌తోని ఎవరన్న గిట్ల మాట్లాడుతరా?"

"అయితే గడప బయటికి రా. అక్క లెక్క అడుగుత."

ఆమె నవ్వలేదు. కాగితం మాత్రం ఇచ్చింది.

తమ్ముడికి ఈ సంగతి ఎలా చేరిందో తెలియదు. "సూసినవా, నీతోని గాదు. ఇగ బంద్ జెయ్," అని ఫోన్ చేశాడు. నాతో కానిది ఏమిటో నేను చెప్పాలి, సిమెంటు అమ్ముకునేవాడు కాదు. ఫోన్ పెట్టేసి వెళ్లి ట్రేసింగు తిరగేశాను. ఆ ఒక్క కదలికకు వేళ్లు ఎంత మొరాయించాయో చెప్పలేను. బొగ్గుపొడి అద్దాను. సన్నంచు కుడివైపు దిగింది.

అంచు పూర్తయిన రోజు తమ్ముడే ఆమె ఇంటికి వచ్చాడు, వెంట ఇద్దరు కుర్రాళ్లతో. గుమ్మంలోనే ఫోన్ తీశాడు.

"ఒక్క ఫొటో అక్కా. నువ్వు, ఆమె, గా పేజీ. నడుమ నేను నిలవడ్త. హిందూ ముస్లిం భాయీ భాయీ అని పేపర్ల ఏపిస్త."

ఆమె నా వైపు చూసింది. "నీ ఇష్టం అక్కా," అంది, గొంతులో ఇష్టం లేకుండా.

"పోవద్దన్నప్పుడు పోయిన," అన్నాను వాడితో. "ఫొటో దిగుమన్నప్పుడు దిగ."

"గంత కోపమెందుకే?"

"కోపం గాదు. గీడ నీకు పనేం లేదు."

వాళ్లు వెళ్లేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆమె చేతులు, మొహం, కాళ్లు కడుక్కొని వజూ చేసుకొని వచ్చి, నా అంచు నడుమ కిటికీ కోసి, తండ్రి రాసిన కాగితాన్ని అందులో పెట్టింది. సన్నంచులు రెండూ మధ్యలో కలిశాయి. నా తీగలో ఒకచోట ఆకు ఆయన ఆకుకన్నా కొంచెం లావుగా పడింది. ఆమె దాని మీద వేలు పెట్టి నన్ను చూసింది.

"అది నాది," అన్నాను. "అట్లనే ఉండనీ."

జిగురు గిన్నె ఇటియ్యమని చేయి చాచింది. ఇచ్చాను.